గీతల్లేని టైర్ల ఊళ్లో

ముందే ఒక జాగ్రత్త. జర్మనీలో న్యూరెంబర్గ్ అని పెద్ద నగరం ఒకటుంది, బవేరియాలో. నేను వెళ్లింది అక్కడికి కాదు, న్యూర్‌బర్గ్ అనే పల్లెకి. రెండిటికీ మధ్య రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడకి ఫోన్ చేసి ఫలానా ఊరు వెళ్తున్నానంటే మా బావగారు, "హిట్లర్ మనుషుల్ని విచారించిన ఊరేగా?" అన్నారు. మీరూ ఎప్పుడైనా బయల్దేరితే అక్షరాలు కూడబలుక్కుని చదవండి. మన పల్లెకి అసలు రైలే లేదు. రైలు టికెట్ దొరికిందంటే తప్పు ఊరికి వెళ్తున్నట్టే లెక్క.

మా మేనల్లుడు ఆహెన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. వారమంతా ఆఫీసు. రేసులున్న శనివారాల్లో మాత్రం ఒక చిన్న జట్టు దగ్గర టైర్ల పని. జీతం లేదు, తిండి పెడతారు. "మామయ్యా, ఇంత దూరం వచ్చి కొలోన్ చర్చి ముందు ఫొటో దిగి వెళ్లిపోతావా? నాతో రింగ్‌కి, అదే న్యూర్‌బర్గ్ రేసు ట్రాకుకి రా, టైర్లు చూపిస్తాను" అన్నాడు. టైర్లు చూడ్డానికి దేశంకాని దేశంలో కొండలెక్కడమేమిటి? మా వీధి చివర పంక్చర్ షాపులో ఎన్ని కావాలంటే అన్ని. అయినా మేనల్లుడి ముచ్చట కాదనలేక కారెక్కాను.

దగ్గరి దారి వేరే ఉంది గానీ వాడు కావాలనే ఆర్ నది లోయ మీదుగా తిప్పి తీసుకెళ్లాడు. రెండు వైపులా నిటారు కొండలు, వాటి మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. కింద నది చూస్తే మన పంటకాలువంత. ఇదే నది 2021 జులైలో ఒక్క రాత్రిలో పొంగి ఈ లోయలో 130 మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. తర్వాత బుడమేరు గుర్తొచ్చి నమ్మాను. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చేదాకా దాన్ని నదిగా ఎవరు లెక్కేశారు? ఇక్కడి వరదప్పుడు సహాయ సిబ్బందికీ, దేశం నలుమూలల నుంచీ వచ్చిన సామానుకీ కొండ మీది రేసు ట్రాకే స్థావరమైందట. కార్లు పరుగెత్తే చోట దుప్పట్లు, మంచినీళ్ల సీసాలు పేర్చారన్నమాట.

లోయ దాటి పైకెక్కితే ఐఫెల్ అడవులు. పారిస్‌లో టవర్ కట్టిన ఐఫెల్ గారి పూర్వీకులు ఈ ప్రాంతం నుంచే ఫ్రాన్స్ వెళ్లి, ప్రాంతం పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. మనవాళ్ల పద్ధతే.

న్యూర్‌బర్గ్‌లో మొదట కనిపించేది కొండ కొమ్మున పాడుబడిన కోట. ఆ తర్వాత కనిపించేవన్నీ కార్లే. బ్రెడ్డు కొనుక్కోడానికి వచ్చినాయన కారులో వెనక సీటు లేదు, దాని బదులు ఇనప గొట్టాల పంజరం. పెట్రోల్ బంకులో చాక్లెట్ల పక్కన అల్మరాల నిండా బొమ్మ కార్లు. పిల్లల కంటే పెద్దవాళ్లే వాటి ముందు ఎక్కువసేపు నిలబడుతున్నారు.

ట్రాకుని 1925లో మొదలుపెట్టి 1927 జూన్‌లో తెరిచారు. పనుల్లేక అల్లాడుతున్న ఈ కొండ జనానికి ఉపాధి చూపించడానికి తలపెట్టిన కట్టడం అది. మన దగ్గర కరువు పనుల్లో చెరువులు తవ్వించారు, వీళ్లు రేసు ట్రాకు వేయించారు. నార్డ్‌ష్లైఫె అనే ఆ పాత చుట్టు 20.8 కిలోమీటర్లు. అంటే దాదాపు మా బెంజి సర్కిల్ నుంచి గన్నవరం విమానాశ్రయం దాకా. దారి పొడవునా 73 మలుపులు, కింది చోటికీ పై చోటికీ ఎత్తులో తేడా దాదాపు 300 మీటర్లు, చుట్టూ అడవి.

రేసుల్లేని సాయంత్రాల్లో డబ్బు కట్టి ఎవరైనా తమ కారుని ఈ ట్రాకు మీద నడపొచ్చు. చట్టం దృష్టిలో అప్పుడది టోల్ రోడ్డు. ఒక చుట్టుకి 30 యూరోల పైచిలుకు. గేటు దగ్గర నిలబడి చూస్తుంటే వరసలో పోర్షె వెనక పాల వ్యాన్ లాంటి బండి, దాని వెనక పిల్లల సీట్లు బిగించిన కుటుంబం కారు. అందరి మొహాల్లోనూ తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కబోయే సంబరం. షరతులు కొన్నే: కుడి పక్కనుంచి ఓవర్‌టేక్ చేయకూడదు, రోడ్డుకి పనికొచ్చే టైర్లే ఉండాలి. మావాడు ఒక పసుపు పోర్షె పక్కన కూర్చుని టైరు చూపించాడు. భుజాలు దాదాపు నున్నగా ఉన్నాయి, నడుమ మాత్రం కాసిని గీతలు. సెమీ-స్లిక్ అంటారు.

"ఇవి చట్టం కోసం గీసిన గీతలు మామయ్యా. లేకపోతే పోలీసులు ఊరుకోరు."

మన దేశంలోనూ ఇక్కడా ఒకటే లెక్క, కారు టైరు గీత లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మన దగ్గర గుండైపోయిన టైరంటే ఆ యజమానికి డబ్బుల్లేవనో, భయం లేదనో అర్థం. ఇక్కడ కొత్త టైరే గుండుగా వస్తుంది, దానికి ఒక్కోదానికి కొన్ని వందల యూరోలు పోస్తారు. ఆ వింత చూడాలంటే తెల్లారేదాకా ఆగాలన్నాడు.

రాత్రి భోజనం పిస్టెన్‌క్లౌజె అనే చోట. గోడల నిండా రేసు డ్రైవర్ల ఫొటోలు, సంతకాలు. జనం బల్లల మీద కాలుతున్న రాతి పలకలు పెట్టించుకుని మాంసం ముక్కలు తామే వేయించుకుంటున్నారు. డబ్బులిచ్చి మరీ వంట మనమే చేసుకోవడం నాకు కొత్త. నేను పాస్తాతో సరిపెట్టుకున్నాను. దాని పైనున్న హోటల్లోనే సబీనా ష్మిట్జ్ పెరిగింది. ఇక్కడి 24 గంటల రేసుని 1996లోనూ 1997లోనూ గెలిచిన మహిళ ఆమె, 2021 మార్చిలో క్యాన్సర్‌తో పోయింది. నార్డ్‌ష్లైఫె మొదటి మలుపుకి ఇప్పుడు ఆమె పేరే.

శనివారం పొద్దున్నే మావాడు చీకట్లోనే వెళ్లిపోయాడు. నన్ను తీరిగ్గా నడిచి రమ్మన్నాడు. చలి ఎనిమిది డిగ్రీలు, రాత్రి వాన పడి ఆగింది. ఇంజన్ల మోత వినిపించే దిక్కుకి నడిస్తే చాలుగదా అనుకుని బయల్దేరాను. కాసేపటికి మోత ఎడమ నుంచి వచ్చింది. అటు తిరిగితే వెనక నుంచి. అడవి బాటలో వెళ్తే కంచె. వెనక్కొచ్చి ఇంకో బాట పడితే మళ్లీ కంచె, కంచె అవతల దూసుకుపోతున్న కార్లు. ఊరే ట్రాకు లోపల ఉందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. చుట్టు అంత పెద్దది మరి, దాని కడుపులో న్యూర్‌బర్గ్‌తో పాటు ఇంకా పల్లెలున్నాయి. చివరికి కుక్కని తిప్పుతున్న ఒక ముసలావిడ నా వాలకం చూసి, ఏ ప్రశ్నా అడక్కుండానే చేత్తో దారి చూపించింది. నాలాంటివాళ్లు రోజూ తగులుతారు కాబోలు.

ఇక్కడ ఎన్‌ఎల్‌ఎస్ అని ఒక రేసుల వరస 1977 నుంచి సాగుతోంది. ఎక్కువగా నాలుగు గంటల పరుగు, మధ్యాహ్నం 12కి మొదలు. పాత చుట్టుకి, తర్వాత పక్కనే కట్టిన కొత్త ట్రాకులో కొంత కలిపి 24 కిలోమీటర్ల పైచిలుకు. కోట్ల ఖరీదు చేసే కార్ల పక్కనే వారాంతపు సరదా రాయుళ్ల చిన్న కార్లూ పరుగెడతాయి. మన దగ్గర ఒకప్పుడు మహీంద్రా వాళ్లు అమ్మిన లోగాన్ గుర్తుందా? టాక్సీగా బాగా తిరిగింది. దాని తోబుట్టువు డాసియా లోగాన్ కూడా ఈ మధ్య ఏళ్లలో ఇక్కడ రేసుల్లో పరుగెత్తి జనం చప్పట్లు కొట్టించుకుంది. ఇంకా నచ్చిందేమిటంటే, టికెట్ కొన్నవాళ్లు కార్లు విప్పి బిగించే చోటికి, అంటే ప్యాడక్‌కి, నేరుగా వెళ్లొచ్చు. మన క్రికెట్ మైదానంలో ఆటగాడి బ్యాటు ముట్టుకోగలమా? ఇక్కడ కారు చక్రం పక్కనే నిలబడి కాఫీ తాగొచ్చు.

మావాడి టెంటులో గీతల్లేని టైర్లు, అంటే స్లిక్‌లు, పేర్చి ఉన్నాయి. నల్లటి నలుపు. అచ్చంగా నున్నగా ఏం లేవు, అక్కడక్కడా చిటికెన వేలి కొన పట్టనంత గుంటలున్నాయి. అవి అరుగుదల కొలిచే గుంటలు. వాటిలో సన్నటి కొలబద్ద దింపి ఇంకెంత రబ్బరు మిగిలిందో చూస్తారు. గుంట మాయమైతే టైరు పని అయిపోయినట్టే.

టెంటులో పెద్దాయన ఒకరు మోకాళ్లకి మెత్తలు కట్టుకుని నేల మీదే కూర్చుని ఉన్నారు. అరవై దాటాయి. ఒకప్పుడు లారీలు బాగుచేసేవారట. మావాడు ఆయన్ని నాతో తెలుగులో "గురువుగారు" అన్నాడు, నేనూ అదే ఖాయం చేసుకున్నాను. ఆయన ఒక చేత్తో హీట్ గన్ పట్టుకుని, ఇంకో చేత్తో పాత పెయింటు గీకే రేకుతో వాడిన టైరుని గీకుతున్నారు. గాలి తగలగానే పై రబ్బరు మెత్తబడి రేకు వెంట తోలులా లేచి వస్తోంది. ఆ వాసన మా పంక్చర్ షాపులో అతుకు కాల్చేటప్పటి వాసనే. కళ్లు మూసుకుంటే ఇంటి దగ్గరున్నట్టే ఉంది. ఎందుకు గీకుతున్నారంటే, స్లిక్ వేడిగా ఉన్నప్పుడు జిగురుగా ఉంటుంది, ట్రాకు పక్కన రాలిన రబ్బరు ముక్కల్నీ చిన్న రాళ్లనీ అంటించుకొస్తుంది. అవన్నీ తీస్తేగానీ అసలు ఒళ్లు కనపడదు, గుంట లోతు తెలియదు. స్కూల్లో పెన్సిల్ గీతలు చెరిపితే రాలే రబ్బరు ఉండలున్నాయి చూశారూ, ట్రాకు అంచున పేరుకునేవి అవే, కాకపోతే వేలంత లావు.

గీకిన చోట నా అరచేయి పట్టుకుని ఆనించారు. ఇంకా గోరువెచ్చగా ఉంది. చేయి తీస్తే చర్మం కాస్త సాగి వచ్చింది, టైరు వదల్లేదు. పట్టు అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. గీతలు లేకపోతే జారిపోదా అని పొద్దుట్నుంచీ అడుగుదామనుకుంటున్న ప్రశ్న అక్కడే సగం చచ్చిపోయింది. పొడి రోడ్డు మీద గీత అంటే రోడ్డుని తాకని చోటు. ఎంత రబ్బరు తాకితే అంత పట్టు. గీతలుండేది నీటిని బయటికి తోయడానికే.

మిగతా సగం ప్రశ్నకి జవాబు వేడిలో ఉంది. ఇలాంటి టైరు చల్లగా ఉంటే గట్టి ప్లాస్టిక్‌తో సమానం. ఎనభై నుంచి నూరు డిగ్రీల మధ్యకి వస్తేనే దాని జిగురు లేస్తుంది. అంతకు తక్కువలో గట్టిగా తోలితే పై పొర చిరిగి గరుకు గరుకుగా వరసలు కడుతుంది, దాన్ని గ్రెయినింగ్ అంటారు. ఎక్కువైతే లోపల రబ్బరు ఉడికి బొబ్బలొస్తాయి. మెత్తటి రబ్బరు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా అరిగిపోతుంది. గట్టిది నిలుస్తుంది గానీ చలి పొద్దున ఎంతకీ మేలుకోదు. మా ఊళ్లో మే నెలలో అయితే ఏ రబ్బరైనా దానంతటదే మేలుకుంటుంది, అక్కడ బాధంతా ఉడికిపోకుండా చూసుకోవడమే. ఇక్కడ ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది.

వేడి చేసి బిగిస్తే సరిపోదా అని అడిగాను. చాలా రేసుల్లో కరెంటు దుప్పట్లు కప్పి, పెట్టెల్లో పెట్టి అదే చేస్తారట. కరెంటు ఖర్చని ప్రపంచ ఎండ్యూరెన్స్ రేసుల వాళ్లు 2023లో దాన్ని నిషేధించారు. స్పా రేసులో చల్లటి టైర్లతో కార్లు జారి గుద్దుకునేసరికి ఆ ఏడు లె మాన్ ఒక్కదానికి మళ్లీ అనుమతించారు.

అన్నిటికంటే ఆశ్చర్యపెట్టింది గాలి. మన పెట్రోల్ బంకులో గాలి కొట్టే కుర్రాడు "ఎంతండీ?" అంటాడు, "ముప్ఫై రెండు" అంటాం, అక్కడితో ఆ సంగతి మర్చిపోతాం. గురువుగారు పొద్దున పెట్టింది 1.5 బార్. మన లెక్కలో 22.

"ఇంత తక్కువా? రిమ్ము దెబ్బతినదూ?" అన్నాను.

మావాడు నవ్వి, "అది పొద్దుటి లెక్క మామయ్యా. మనక్కావలసింది పరుగెత్తేటప్పటి లెక్క" అన్నాడు.

20 డిగ్రీల దగ్గర 1.5 ఉన్న గాలి, టైరు లోపల 80 డిగ్రీలకి చేరేసరికి 2 బార్ అవుతుంది, అంటే మన 29. వాళ్లకి కావలసింది ఆ రెండు. ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి మధ్య చారే రోడ్డుకి తగులుతుంది, తక్కువైతే భుజాల మీద నడుస్తుంది. గాలిలో తేమ ఉంటే వేడికి ఎంత పెరుగుతుందో లెక్కకందదు కాబట్టి పొడి గాలో నైట్రోజనో నింపుతారు. గాలి పెట్టిన టైర్ల మీద ఎండ పడనివ్వరు. ఒక పక్క టైర్లకి ఎండ తగిలి, రెండో పక్కవి నీడలో ఉంటే కొలత అబద్ధం చెబుతుందట. ఐఫెల్‌లో ఎండ రావడమే అపురూపం, వచ్చినా టైర్లకి గొడుగు పడుతున్నారు. మా పక్కన ఎండలో ఏళ్ల తరబడి పగుళ్లు తేలి పడుండే స్టెప్నీలు చూస్తే ఈ గురువుగారు ఏమంటారో!

పదకొండు దాటాక నాకు ఆకలేసింది. శనివారం నేను మాంసం ముట్టను. చుట్టూ చూస్తే సాసేజీల మీద ఎర్రటి సాసు పోసి పసుపు కారప్పొడి లాంటిది చల్లి అమ్ముతున్నారు. కరీవుర్స్ట్ అంటారు. నాకు దొరికింది బంగాళాదుంప వేపుడు ముక్కలూ, మయొనీజూ. అదృష్టం కొద్దీ మావాడు డబ్బాలో పులిహోర తెచ్చాడు. గురువుగారికీ పెట్టాం. ఎండుమిరపకాయల్ని ఒక్కొక్కటే తీసి మూత మీద వరసగా పేర్చి, మిగతాది మారుమాట్లాడకుండా తినేశారు. మళ్లీ పెట్టించుకున్నారు కూడా.

ఇక రేసు ముందు కార్లన్నీ ట్రాకు మీద వరసగా నిలబెట్టారు. జనాన్ని వాటి మధ్యకి వదిలేశారు, నేనూ దూరాను. మబ్బు చీలి ఎండ వచ్చింది. నిలబడ్డ చోట రోడ్డు పొడిగా ఉంది, ఇంక ఆలోచించేదేముంది అనుకున్నాను. కానీ జట్టు మనిషి ఒకాయన ఎక్కడో అడవిలో నిలబడి ఫోన్ చేశాడు. కింద బ్రైడ్‌షైడ్ వంతెన దగ్గర ఆరుతోంది, పైన హోహె ఆఖ్ట్ దగ్గర చెట్ల కింద ఇంకా నీళ్లు. ఒకే చుట్టులో రెండు ఋతువులు! మామూలు ట్రాకు నాలుగైదు కిలోమీటర్లు, తప్పు టైరు వేసుకుంటే రెండు నిమిషాల్లో వెనక్కొచ్చి మార్చుకోవచ్చు. ఇక్కడ తప్పు తెలిసేది ఎక్కడో పదో కిలోమీటరు దగ్గర. అక్కణ్ణుంచి మిగతా దారంతా ప్రాణాలు అరచేత పట్టుకుని రావాలి.

ఈ ట్రాకు మీద టైర్ల ఎంపిక ఎంత పనిచేస్తుందో చెప్పే కథ ఒకటుంది. 1976 ఆగస్టు 1న, ఇక్కడే ఫార్ములా వన్ రేసు. వాన పడి ఆగింది. యోఖెన్ మాస్ ఒక్కడు తెగించి స్లిక్‌లతో బయల్దేరాడు, మిగతావాళ్లు దాదాపు అందరూ వాన టైర్లతో. దారి ఆరుతుండటంతో మాస్‌దే పైచేయి అయింది. ప్రపంచ చాంపియన్ నికీ లౌడా మొదటి చుట్టు కాగానే ఆగి స్లిక్‌లు వేసుకున్నాడు. రెండో చుట్టులో బెర్గ్‌వెర్క్ మలుపుకి ముందు కారు గట్టుని గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. తోటి డ్రైవర్లే దిగి అతణ్ణి బయటికి లాగారు. కారులో ఏదో విరిగిందని కొందరు, కొత్త టైర్లు చల్లగా ఉన్నాయని కొందరు. కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. ఆరు వారాలకి లౌడా కట్లతోనే మళ్లీ రేసుకొచ్చాడు గానీ, ఫార్ములా వన్ మాత్రం ఈ పాత చుట్టుకి మళ్లీ రాలేదు.

మళ్లీ మా కారు దగ్గరికొస్తే, గురువుగారు వంగి రోడ్డుని అరచేత్తో తడిమారు. తలెత్తి చెట్ల కొసల్ని చూశారు. తన కుర్రతనంలో ఇలాంటి రోజు స్లిక్ మీద వేడి కత్తితో తామే సన్నగా గీతలు కోసేవాళ్లమని చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మన జాతీయ రహదారుల పక్కన అరిగిన లారీ టైర్లకి కత్తితో గీతలు కోసి కొత్తవాటిలా చేసే షాపులు లేవూ? అదే పని! కాకపోతే మనవాళ్లు లేని రబ్బరులో కోస్తారు, వీళ్లు నిండుగా ఉన్నదాన్ని కోసేవారు. మనది ప్రాణాంతకమైన పిసినారితనం, వాళ్లది విద్య.

చివరికి మెత్తటి స్లిక్‌లే ఖాయం చేశారు, పొద్దుటి లెక్క కంటే గాలి కాస్త పెంచి. తడి దారిలో టైరు ఆలస్యంగా వేడెక్కుతుంది, అంతదాకా ఒత్తిడి చాలాలి కదా. డ్రైవరు వృత్తికి పళ్ల డాక్టరు. ఆయనతో ఒకే మాట చెప్పారు: పాములా మెలికలు తిప్పి వేడెక్కించొద్దు, పై తోలే వేడవుతుంది. గట్టిగా బ్రేకు, గట్టిగా ఎక్సలేటరు. అప్పుడే వేడి లోపలికి దిగుతుంది.

మొదటి చుట్టులో మా కారు తాబేలే. వాన టైర్లవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. నేను ఊరుకోలేక "ఒరేయ్, మనం తప్పు పందెం కాశామేమోరా" అన్నాను. మావాడు పలకలేదు, గురువుగారు మిగిలిన పులిహోర తింటున్నారు. మూడో చుట్టుకి లెక్క తిరగబడింది. దారి ఆరింది, వాన టైర్ల మెత్తటి దిమ్మెలు పొడి రోడ్డు మీద కాగి చితికిపోయాయి, వాటివాళ్లు ఒకరి వెనక ఒకరు పిట్‌లోకి పరుగు. మేం ముందుకి.

కారు పెట్రోలుకి ఆగగానే గురువుగారు సూది లాంటి ఉష్ణమాపకంతో చక్రం పక్కన వాలిపోయారు. సూదిని రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు గుచ్చాలి, పైపైన కొలిస్తే క్షణాల్లో చల్లారిపోతుంది. లోపలి అంచు, నడుమ, బయటి అంచు: 88, 84, 79. నడుమ అన్నిటికంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైందని, రెండంచులూ వేడిగా ఉంటే తక్కువైందని అర్థం. చక్రాల్ని పైభాగం లోపలికి వంచి బిగిస్తారు కాబట్టి లోపలి అంచు కొంచెం ముందుండటం మామూలే. ఇంకా ఎక్కువ తేడా వస్తే వంపు తగ్గించాలి. ఎడమ టైర్లు కుడివాటి కంటే ఎక్కువ అరిగాయి. పాత చుట్టులో 40 కుడి మలుపులు, 33 ఎడమ మలుపులు మరి. కుడికి తిరిగిన ప్రతిసారీ బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. సుద్దముక్కతో టైరు పక్కన ఏదో గీశారు. ఎన్నిసార్లు వేడెక్కి చల్లారిందో ఆ లెక్క. ప్రతిసారీ రబ్బరు కొంత గట్టిపడుతుంది. గుంటలు లోతుగానే ఉన్నా, సుద్ద గీతలు ఎక్కువున్న టైరుని ఆయన నమ్మరు.

మా కారు తన తరగతిలో నాలుగో స్థానంలో వచ్చింది. కప్పు లేదు. పళ్ల డాక్టరు మాత్రం కప్పు గెలిచినవాడి కంటే ఎక్కువ నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజు చూసినవాళ్లలో గొప్ప రేసుగాడు స్టీరింగ్ పట్టనే లేదనిపించింది.

సాయంత్రం టెంటు ముందు వాడిన స్లిక్‌ల కోసం కుర్రాళ్లు మూగారు. పెద్ద జట్లు ఒక పరుగు వాడి పక్కన పెట్టినవాటిని సొంత కార్లతో ట్రాకు తిరిగేవాళ్లు తక్కువ ధరకి కొనుక్కుపోతారు. మన ఊళ్ల కుర్రాళ్లూ ఈ మధ్య ట్రాకు సరదా పడుతున్నారు కాబట్టి గురువుగారి మాట చేరవేస్తున్నాను: గుంట లోతు ఒక్కటే చూడొద్దు. టైరు పక్కన ముద్రించిన తయారీ వారం, సంవత్సరం చూడాలి, ఎన్నిసార్లు కాగిందో అడగాలి. గోరుతో నొక్కితే గుర్తు పడాలి, పడకపోతే అది చచ్చిన రబ్బరు. నల్లటి ప్లాస్టిక్‌లో చుట్టి, ఎండ తగలని చోట, గడ్డకట్టే చలికి దూరంగా దాచాలి. రోడ్డు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వాడకూడదు. ఒక్క వాన చినుకు చాలు. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున తిరిగిన ఫార్ములా ఈ కార్లు గుర్తున్నాయా? వాటికి కూడా గీతలున్న టైర్లే, ఎండకీ వానకీ ఒకటే జత.

మీరు వెళ్లదలచుకుంటే ఎన్‌ఎల్‌ఎస్ శనివారం చూసుకుని వెళ్లండి. పొద్దున ఎనిమిదిన్నరకే కార్లు అర్హత పరుగుకి దిగుతాయి, ఆలోపు ప్యాడక్ చేరితే టైర్ల టెంట్లు తీరిగ్గా చూడొచ్చు. మోత వచ్చే దిక్కుకి నడవకండి. ఎండాకాలమైనా స్వెట్టరు, గొడుగు రెండూ ఉండాలి. అంత దూరం కుదరనివాళ్లకి స్లిక్ టైరు చూడ్డానికి వీసా అక్కర్లేదు. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాకు 1990 నుంచీ ఉంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. తిరుపతి దర్శనం చేసుకున్నవాళ్లు అక్కణ్ణుంచి మూడు గంటల్లో చేరొచ్చు.